పక్క ప్లాటు కంప, మోరీ మీద ర్యాంపు, పర్మిషన్ లేని అంతస్తు: మున్సిపాలిటీలో ఫిర్యాదు కదిలేలా ఇవ్వడం ఎలా?

వానాకాలం మొదలైందంటే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా, మిర్యాలగూడ, వనపర్తి లాంటి ఊళ్లలోనైనా కాలనీ ముచ్చట్లన్నీ ఒకే దగ్గరికి వస్తాయి. పక్క ఖాళీ ప్లాటులో నీళ్లు నిలిచి దోమలు. సర్కారు తుమ్మ పెరిగి పాములు. మోరీ మీద ఎవరో ర్యాంపు పోస్తే మురుగు వెనక్కి తన్ని మన గేటు ముందర నిలవడం. రెండంతస్తులని చెప్పి మూడో స్లాబుకు సెంట్రింగ్ కొట్టడం. చాలామంది ఒకసారి ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఇస్తారు, అది కదలదు, ఇక ఆశ వదులుకుంటారు. కదలకపోవడానికి ఆఫీసుల తీరు ఒక కారణం, అందులో అనుమానం లేదు. కానీ చాలా ఫిర్యాదులు ఆగిపోయేది మన కాగితం దగ్గరే. అది తప్పు టేబుల్‌కు పోతుంది, లేదా అధికారి ఏం చేయాలో అందులో ఉండదు, లేదా ఇచ్చినట్టు మన దగ్గర రుజువు ఉండదు. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

ముందు ఇది ఎవరి పనో తేల్చుకోండి

మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. రసీదు మున్సిపాలిటీది అయితే 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం కింద కమిషనర్‌కు అధికారం ఉంటుంది. గ్రామ పంచాయతీది అయితే 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద మీ ఫిర్యాదు పంచాయతీ కార్యదర్శికి, ఆ పైన ఎంపీడీఓకు, జిల్లా పంచాయతీ అధికారికి పోవాలి. ఊరి అంచున ఉన్న కొత్త కాలనీల్లో ఈ తికమక ఎక్కువ. చూడడానికి పట్టణంలాగే ఉంటుంది, రికార్డులో పక్క గ్రామం ఉంటుంది. అలాంటి చోట నుంచి మున్సిపల్ ఆఫీసుకు ఇచ్చిన అర్జీ చేతులు మారుతూ తిరుగుతుందే తప్ప పని కాదు.

మున్సిపాలిటీ లోపల కూడా ఒక్కో పని ఒక్కో సెక్షన్‌ది. చెత్త, మోరీ పూడిక, దోమలు, పందులు, కళేబరాలు, ఖాళీ ప్లాట్లలో కంప ఇవన్నీ శానిటేషన్ సెక్షన్‌వి. మీ వార్డుకు ఒక శానిటరీ జవాన్ ఉంటాడు, ఆయన మీద శానిటరీ ఇన్‌స్పెక్టర్. పర్మిషన్ లేని కట్టడం, ప్లాను తప్పిన కట్టడం, రోడ్డు మీదికి వచ్చిన మెట్లు, సజ్జలు టౌన్ ప్లానింగ్ వాళ్లవి. మోరీ కూలిపోవడం, అసలు మోరీయే లేకపోవడం ఇంజినీరింగ్ సెక్షన్‌ది. మీ సమస్య రెండు సెక్షన్లకు చెందినదైతే (ర్యాంపు తీయించాల్సింది ఒకరు, పూడిక తీయాల్సింది ఇంకొకరు) అర్జీ కమిషనర్ పేరునే రాసి, ఆ రెండు సెక్షన్లనూ అందులో పేర్కొనండి. లేకపోతే ఈ సెక్షన్ వాళ్లు ఆ సెక్షన్ పేరు చెబుతారు, ఆ సెక్షన్ వాళ్లు ఈ సెక్షన్ పేరు చెబుతారు.

మున్సిపాలిటీకి సంబంధం లేనివి కూడా చెప్పుకోవాలి. అర్ధరాత్రి డీజే పోలీసుల పని. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు రాత్రి వేళ; నివాస ప్రాంతంలో అప్పుడు పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. ఆ సమయంలో 100కు ఫోన్ చేయండి, తెల్లారాక అర్జీ రాస్తే శబ్దం ఎక్కడిది? రైస్ మిల్లు బూడిద వచ్చి ఆరేసిన బట్టల మీద, ఇంటి డాబా మీద పడుతోందంటే కాలుష్య నియంత్రణ మండలికి రాయాలి, దాని ప్రాంతీయ కార్యాలయం నల్లగొండలో ఉంది. చెరువు శిఖం (నీళ్లు నిలిచే జాగా) ఆక్రమణ అయితే తహసీల్దారుకు, నీటిపారుదల శాఖకు. "హైడ్రాకు ఫోన్ చేద్దాం" అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. చెరువుల, ప్రభుత్వ జాగాల ఆక్రమణలు తొలగించడానికి 2024లో పెట్టిన ఆ సంస్థ పరిధి హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వరకే. మన జిల్లాలకు అది రాదు.

ఇంకొకటి బాగా గుర్తు పెట్టుకోండి. గోడ నా జాగాలోకి అడుగు జరిగింది, పక్కాయన హద్దురాయి పీకేశాడు లాంటివి సివిల్ తగాదాలు. జాగా ఎవరిదో మున్సిపాలిటీ తేల్చదు, తేల్చే అధికారం దానికి లేదు. సర్వే చేయించుకోవాలి, కోర్టుకు పోవాలి. కానీ అదే గోడ రోడ్డులోకి వచ్చినా, మంజూరైన ప్లానులో చూపించిన ఖాళీ స్థలాన్ని (సెట్‌బ్యాక్) మింగినా అది మున్సిపాలిటీ పనే. కాబట్టి అర్జీలో "నా భూమి ఆక్రమించాడు" అని రాస్తే "సివిల్ వివాదం" అని ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. "ప్లానులో ఉన్న సెట్‌బ్యాక్ వదలకుండా కడుతున్నారు" అని రాస్తే మూయలేరు. రెండోది నిజమైనప్పుడే రాయాలి, అది వేరే చెప్పనక్కర్లేదు.

అర్జీకి ముందు ఒక మాట

పక్కింటివాళ్లతో రేపు కూడా అదే గల్లీలో ఉండాలి. అందుకని ముందుగా నేరుగా అడగండి. "అన్నా, మీ కొట్టం కడిగిన నీళ్లు మా గేటు ముందటికొస్తున్నయి, జర పైపేసి మోరీల కలపరాదే" అంటే సర్దుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఖాళీ ప్లాటు యజమాని హైదరాబాద్‌లోనో, ఇంకెక్కడో ఉంటే తన ప్లాటులో ఏం జరుగుతోందో ఆయనకు నిజంగానే తెలియకపోవచ్చు. రెండు ఫొటోలు వాట్సాప్‌లో పంపండి. ఆ మెసేజ్ తర్వాత ఫైలులో మీకు పనికొస్తుంది కూడా. కూలిపోయే స్థితిలో ఉన్న పాత గోడ, తెగి వేలాడుతున్న స్లాబు లాంటి ప్రాణాపాయం ఉన్నచోట మాత్రం ఈ మాటామంతీతో కాలం గడపకండి, అదే రోజు ఆఫీసుకు చెప్పండి.

రుజువులు

తనిఖీకి వస్తున్నారని తెలియగానే పేడ కడిగేస్తారు, పందులను ఇంకో గల్లీలోకి తోలేస్తారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉంటుంది, "ఫిర్యాదులో పేర్కొన్న పరిస్థితి కనిపించలేదు" అని రాసుకుని పోతాడు. ఆయన అబద్ధం రాయలేదు, ఆయనకు కనిపించింది రాశాడు. అందుకే ఒక్క రోజు ఫొటో చాలదు. వేరువేరు రోజుల్లో, ఒకే చోట నిలబడి తీయండి. ఫోనులో తేదీ, లొకేషన్ ఆన్ చేసుకోండి. ఫొటోలో ఒక గుర్తు పడాలి: ఇంటి నంబరు, షాపు బోర్డు, లేదా కరెంటు స్తంభం మీద రాసిన నంబరు. డోర్ నంబరు లేని ప్లాటును ఆఫీసులో కూర్చున్న మనిషికి చూపించడానికి ఆ స్తంభం నంబరును మించినది లేదు.

దోమల సమస్య అయితే కాలనీలో ఎవరికైనా డెంగీ అని తేలిన రిపోర్టు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే, జత చేయండి.

కట్టడమైతే పిల్లర్ల దగ్గరే చెప్పండి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆలస్యం వల్ల ఎక్కువగా నష్టం జరిగేది ఇక్కడే.

2020 నాటి టీఎస్-బీపాస్ చట్టంతో ఇంటి పర్మిషన్ల పద్ధతి మారింది. 75 గజాల లోపు జాగాలో గ్రౌండ్ లేదా దాని మీద ఒక అంతస్తు కట్టుకోవడానికి పర్మిషన్ అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. ఆ పైన 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపల కట్టే ఇళ్లకు యజమాని స్వీయ ధృవీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువుతో సింగిల్ విండో. సామాన్యుడు ఆఫీసు చుట్టూ తిరిగే బాధ దీనివల్ల తగ్గింది, అది మంచిదే. కానీ ముందే వచ్చి చూసే కళ్లు కూడా తగ్గాయి. యజమాని రాసిచ్చిన కొలతలకూ నేల మీద తవ్విన గుంతలకూ తేడా ఉంటే, దాన్ని మొదట చూసేది పక్కింటివాళ్లే.

కాబట్టి పిల్లర్లకు గుంతలు తవ్వేటప్పుడే తేడా కనిపిస్తే అప్పుడే అర్జీ ఇవ్వండి. "అప్పుడే ఎందుకు, చూద్దాం" అని ఆగితే స్లాబు పడుతుంది, గృహప్రవేశం అయిపోతుంది, లోపల ఒక కుటుంబం దిగుతుంది. ఆ తర్వాత కూల్చడమంటే ఏ అధికారికైనా చేతులు ఆడవు. కోర్టులో స్టే తెచ్చుకోవడం కూడా వాళ్లకు సులువవుతుంది. గుంతల దశలోనైతే ఒక నోటీసుతో పని ఆగుతుంది, ఎవరి లక్షలూ మట్టిపాలు కావు. నిజానికి కట్టేవాళ్లకూ అదే మేలు.

మంజూరైన ప్లాను కాపీ పని జరుగుతున్నంత కాలం సైటు దగ్గర కనిపించేలా పెట్టాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పులో చెప్పింది. అది లేకపోతే అదే మీ అర్జీలో మొదటి అంశం. ఇంకో మాట: "మాకు ఇంటి నంబరు ఉంది, పన్ను కడుతున్నం" అనే జవాబు తరచూ వినిపిస్తుంది. పన్ను వేసినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు.

అర్జీ రాయడం

ఒక పేజీ దాటొద్దు. ఒక అర్జీలో ఒకటే సమస్య. కుక్కలు, వీధి దీపాలు, నల్లా నీళ్లు, పక్కింటి ర్యాంపు అన్నీ ఒకే కాగితంలో రాస్తే, అన్నింటిలోకి సులువైన వీధి దీపం బిగించి "పరిష్కరించబడింది" అని మూసేస్తారు. ఉదాహరణకు మోరీ విషయం ఇలా రాయవచ్చు:

"కమిషనర్ గారికి. విషయం: మోరీపై కట్టిన సిమెంటు ర్యాంపును తొలగించి, పూడిక తీయించాలని వినతి. అయ్యా, మా వార్డులో ఫలానా వీధిలో, ఫలానా నంబరు కరెంటు స్తంభం పక్కన, సుమారు 8 అడుగుల పొడవున మోరీని సిమెంటుతో మూసి ర్యాంపు కట్టారు. దాని కింద పూడిక తీయడానికి వీలు లేదు. వాన పడిన ప్రతిసారీ మురుగు రోడ్డు మీదికి వచ్చి ఎగువనున్న ఆరు ఇళ్ల ముందు నిలుస్తోంది. మూడు వేరువేరు తేదీల ఫొటోలు జత చేశాము. టౌన్ ప్లానింగ్, శానిటేషన్ సిబ్బందితో తనిఖీ చేయించి, అడ్డంకిని తొలగించి, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాము."

అంతే. ఆయన ఎవరి మనిషి, ఏ పార్టీ, ఎవరికి ఎంత ఇచ్చాడు లాంటివి రాయకండి. రుజువు లేని ఒక్క మాట ఉంటే ఫిర్యాదంతా పగతో రాసినట్టు కనిపిస్తుంది.

పేరు బయటపడుతుందని భయపడి ఆకాశరామన్న ఉత్తరం రాసేవాళ్లున్నారు. దానికి రసీదు రాదు, జవాబు రాదు, తనిఖీకి వచ్చినప్పుడు చోటు చూపించే మనిషి ఉండడు. భయం ఉంటే ఒంటరిగా పోకండి, ఆ మురుగు నిలిచే ఆరిళ్ల వాళ్లూ సంతకాలు చేయండి. ఒకరి మీద కోపం పెట్టుకోవడం సులువు, ఆరుగురి మీద కష్టం.

ఇచ్చేటప్పుడు

రెండు కాపీలు తీసుకుపోండి. ఒకటి ఇన్‌వర్డ్‌లో (అర్జీలు తీసుకునే కౌంటరులో) ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "సార్ లేడు, రేపు రండి" అంటే సార్ అవసరం లేదు, ఇన్‌వర్డ్ ముద్ర చాలు అని మర్యాదగా చెప్పండి. అయినా తీసుకోకపోతే గొడవపడకుండా పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు ముద్రతో సమానం. వార్డు ఆఫీసరుకు, కౌన్సిలరుకు ఫోన్ చేసి చెప్పడం మంచిదే, చాలా పనులు ఆ ఫోనుతోనే అయిపోతాయి కూడా. కానీ ఫోనులో చెప్పినదానికి తేదీ ఉండదు. రేపు పై ఆఫీసుకు పోవాల్సి వస్తే మిమ్మల్ని అడిగేది ఆ ఇన్‌వర్డ్ నంబరే.

ఆఫీసులో ఏం జరుగుతుంది

తనిఖీ, రిపోర్టు, నోటీసు, అవతలివాళ్ల సంజాయిషీ, ఉత్తర్వు, చివరికి చర్య. దాదాపు ప్రతి ఫిర్యాదూ ఈ దారిలోనే పోతుంది. తనిఖీ రోజున మీరు అక్కడ ఉండేలా చూసుకోండి. మోరీ మీది బండ లేపి చూపించండి, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూపించండి. పంచనామా రాస్తే చదివాకే సంతకం పెట్టండి. "ఫిర్యాదుదారు సంతృప్తి వ్యక్తం చేశారు" అనే వాక్యం అందులో ఉంటే, పని కానప్పుడు సంతకం పెట్టకండి.

ఖాళీ ప్లాటుకు నోటీసు ఇచ్చినా యజమాని శుభ్రం చేయించకపోతే మున్సిపాలిటీయే చేయించి ఖర్చు ఆయన దగ్గర వసూలు చేయవచ్చు. ఇలాంటివి త్వరగానే తేలతాయి. కట్టడాల విషయం మాత్రం అంత తొందరగా తేలదు, దాన్ని అర్థం చేసుకోవాలి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కూల్చే ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, అవతలివాళ్ల మాట వినాలి, కారణాలతో ఉత్తర్వు రాయాలి. రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి ప్రజాస్థలాల మీద కట్టినవాటికి ఈ రక్షణ లేదు. అందుకే మోరీ మీది ర్యాంపును తీసేయడం, పక్కింటి మూడో అంతస్తును తీసేయడం ఒకే వేగంతో జరగవు. ఆ 15 రోజులను అధికారి నిర్లక్ష్యం అనుకోవద్దు. రేపు నోటీసు మన ఇంటికి వస్తే మనకూ ఆ రక్షణే ఆధారం.

కుక్కల గురించి ఒక్క మాట. జంతువుల జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా చేయించి మళ్లీ అదే చోట వదలాలి. "పట్టుకపోండి" అని రాసే బదులు "ఆపరేషన్, టీకా చేయించండి" అని రాస్తే ఆఫీసు చేయగలిగిన పని అడిగినట్టవుతుంది.

కదలకపోతే

సమస్య అట్లనే ఉన్నా ఫోనుకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే, అదే రోజు అదే చోట ఫొటో తీసి, పాత నంబరు వేసి, మళ్లీ అర్జీ ఇవ్వండి.

తర్వాతి మెట్టు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అది జరగదు, కనుక్కుని పోండి. అక్కడ ఇచ్చిన అర్జీ మళ్లీ అదే కమిషనర్‌కే వస్తుందని చాలామంది పెదవి విరుస్తారు. వచ్చేది నిజమే. కానీ ఈసారి అది కలెక్టర్ పెండింగ్ లెక్కలోకి ఎక్కి వస్తుంది, జవాబు చెప్పుకోవాల్సిన కాగితంగా వస్తుంది. మొదటి అర్జీ రసీదు కాపీ జత చేయడం మరవకండి.

సమాచార హక్కు దరఖాస్తు ఇంకా పదునైనది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్ల కార్డు లాంటి దారిద్ర్యరేఖ ధృవీకరణ ఉంటే ఫీజు లేదు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగకండి, ఎందుకు అనేదానికి వాళ్లు జవాబు ఇవ్వనక్కర్లేదు. కాగితాలు అడగండి: ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన అర్జీ మీద తనిఖీ రిపోర్టు కాపీ, జారీ చేసిన నోటీసు కాపీ, ఆ ఇంటికి మంజూరైన ప్లాను కాపీ, ఆ ఫైలు ప్రస్తుతం ఏ అధికారి దగ్గర ఉందో ఆ హోదా. తనిఖీయే జరగకపోతే, ఈ దరఖాస్తు అందాకైనా జరుగుతుంది.

మురుగు, దారికి అడ్డు, ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారం, కూలిపోయే కట్టడం లాంటివి కాలనీ మొత్తాన్ని బాధిస్తుంటే ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 (పాత సీఆర్‌పీసీ 133) కింద ఆయన మేజిస్ట్రేట్ హోదాలో తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. దీన్ని మన దగ్గర చాలా తక్కువ మంది వాడుకుంటున్నారు, అది నాకు బాధ కలిగించే విషయం. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో తెరిచిన మోరీల కంపుతో విసిగిన ఒక వీధి జనం ఇదే సెక్షన్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి పోయారు. మున్సిపాలిటీ "మా దగ్గర పైసలు లేవు" అంటూ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు: పైసలు లేవన్న సాకు చెల్లదు, మోరీలు కట్టాల్సిందే. మీ అర్జీకి జవాబుగా "నిధులు లేవు" అని రాసిస్తే ఆర్డీఓకు ఇచ్చే కాగితంలో ఆ తీర్పును తప్పక ప్రస్తావించండి.

ఇక్కడి నుంచి వకీలు సాయం కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. హైకోర్టులో రిట్ వేయడం చివరి దారి. అప్పటికి మీ చేతిలో ముద్ర వేసిన అర్జీలు, ప్రజావాణి రసీదు, సమాచార హక్కు జవాబు ఉంటే అడగాల్సింది ఒక్కటే ఉంటుంది: ఫలానా అర్జీ మీద చట్టప్రకారం నిర్ణయం తీసుకోమని అధికారిని ఆదేశించడం.

నోటీసు మీకే వస్తే

చింపి పడేయకండి, తీసుకోనని తిప్పి పంపకండి. నోటీసులో గడువు రాసి ఉంటుంది, ఆ లోపల రాతపూర్వక జవాబు ఇచ్చి దానికీ ముద్ర వేయించుకోండి. ప్లాను, పర్మిషన్, పన్ను రసీదులు జత చేయండి. తప్పు నిజమే అయితే ఎన్ని రోజుల్లో సరిచేస్తారో తేదీ వేసి రాయండి. ర్యాంపునైతే మోరీ మీద సిమెంటు పోయకుండా, కావాలన్నప్పుడు లేపగలిగే ఇనుప జాలీతో వేసుకోవచ్చు. బండి ఇంట్లోకి పోతుంది, జవాన్ పూడిక తీయగలడు. ఫిర్యాదు ఎవరిచ్చారో చెప్పమని ఆఫీసులో ఒత్తిడి చేయకండి. జవాబు ఇచ్చిన తర్వాత మళ్లీ తనిఖీకి రమ్మని అడిగి, సరిచేసినట్టు వాళ్ల చేత రాయించుకుని ఆ కాగితం ఇంటి దస్తావేజులతో పాటు దాచండి.